ఖాళీ కుర్చీలో కూర్చున్నది ఎవరు?

పార్లమెంటు సమావేశాలు ప్రారంభమైన ప్రతిసారీ వార్తాసంస్థల నుంచి పత్రికా కార్యాలయాలకు తప్పనిసరిగా అందే వార్త ఒకటి ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో మంజూరైన అధ్యాపక పదవులెన్ని, వాటిలో ఖాళీగా ఉన్నవెన్ని అని ఒక సభ్యుడు ప్రశ్నిస్తాడు. విద్యాశాఖ మంత్రి లిఖితపూర్వకంగా సమాధానమిస్తారు. అంకెలు కొద్దిగా అటూ ఇటూ మారడమే తప్ప వార్త మారదు. 2025 ఆరంభంలో పార్లమెంటరీ స్థాయీ సంఘం ముందుకు వచ్చిన లెక్క ప్రకారం సుమారు 18,900 పదవులలో 5,400కు పైగా భర్తీ కాలేదు. ఈ వార్తను తెలుగు చేయడానికి పది నిమిషాలు పట్టదు. ‘వేకెన్సీ’ అని ఉన్నచోట ‘ఖాళీ’ అని రాసి, ‘వర్సిటీలలో అధ్యాపకుల కొరత’ అని శీర్షిక పెట్టి పంపిస్తాం. ఇలాంటి వార్తలను ఏళ్ల తరబడి అనువదించిన ఈ వ్యాసకర్తకు ఆ రెండు మాటలూ తప్పేనన్న అనుమానం కాస్త ఆలస్యంగానే కలిగింది.

తెలుగులో ఖాళీ అంటే లోపల ఏమీ లేనిదని, ఎవరూ లేనిదని అర్థం. ఖాళీ ఇల్లు, ఖాళీ బిందె అంటాము. కానీ విశ్వవిద్యాలయంలో ఖాళీగా ఉందని మంత్రి చెప్పిన పదవికి సంబంధించిన తరగతి గదిలోకి వెళ్ళి చూస్తే అక్కడ పాఠం జరుగుతూనే ఉంటుంది. టైమ్ టేబుల్‌లో ఒకరి పేరు ఉంటుంది. హాజరు పట్టీ మీద సంతకం ఉంటుంది. జవాబు పత్రాలు దిద్దేది కూడా ఆ వ్యక్తే. ఆయనను అతిథి అధ్యాపకుడనీ, కాంట్రాక్టు అధ్యాపకుడనీ, పార్ట్ టైమ్ అనీ, అడ్‌హాక్ అనీ రకరకాల పేర్లతో పిలుస్తారు. ఖాళీగా ఉన్నది జీతాల పద్దులోని గడి మాత్రమే. ఇక కొరత సంగతి. యు.జి.సి. జాతీయ అర్హత పరీక్ష ‘నెట్’కు 2024 జూన్ 18న 9 లక్షలకు పైగా అభ్యర్థులు హాజరయ్యారు. మరునాడే ఆ పరీక్ష రద్దయి, వారంతా మళ్ళీ రాయవలసి రావడం వేరే కథ. హాజరైన వారిలో దాదాపు ఆరు శాతం మందిని సహాయ ఆచార్య పదవికి అర్హులుగా ప్రకటిస్తారు. ఈ పరీక్ష సాధారణంగా ఏటా రెండుసార్లు జరుగుతుంది. ఇంతమంది అర్హులున్న దేశంలో అధ్యాపకుల కొరత అనే మాటకు అర్థమేమిటి?

ఈ ఏర్పాటు ఎంత చౌకైనదో చూడాలంటే యు.జి.సి. సొంత అంకెలే చాలు. ఏడవ వేతన సంఘం తరువాత సహాయ ఆచార్యుని ప్రారంభ మూలవేతనం 57,700 రూపాయలు. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. అతిథి అధ్యాపకునికి 2019 జనవరిలో యు.జి.సి. సవరించిన రేటు ఉపన్యాసానికి 1,500 రూపాయలు, నెలకు 50 వేలకు మించరాదు. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. చేతికి అందేది విశ్వవిద్యాలయం ఎన్ని గంటలు కేటాయిస్తుందన్న దానిపై ఆధారపడుతుంది. పింఛను, గ్రాట్యుటీ, సెలవులు వర్తించవు. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు విద్యార్థులకు విశ్రాంతి; గంటల లెక్కన పనిచేసే వారికి ఆదాయం లేని రోజులు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో పరిస్థితి ఇంతకంటే తీసికట్టు. ఈ వ్యాసకర్త సహాధ్యాయి ఒకరు ఉదయం ఒక కళాశాలలో చరిత్ర బోధిస్తారు. మధ్యాహ్నం బస్సెక్కి మరో ఊరి కళాశాలకు వెళతారు. రాత్రి ఒక ప్రచురణకర్తకు ప్రూఫులు దిద్దుతారు. పిహెచ్.డి. పట్టా వచ్చి తొమ్మిదేళ్లయింది. సర్టిఫికెట్ల ఫైలు మాత్రం ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. ఏ నోటిఫికేషన్ ఎప్పుడు వెలువడుతుందో తెలియదు కదా అంటారు.

తెలుగు, చరిత్ర, తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, జర్నలిజం వంటి శాఖలకు ఈ జబ్బు ఎక్కువగా సోకడానికి కారణం ఉంది. వీటికి ప్రయోగశాల అక్కరలేదు, పరికరాలు అక్కరలేదు. ఒక గది, ఒక నల్లబల్ల, మాట్లాడగల మనిషి ఉంటే శాఖ నడుస్తున్నట్లే కనిపిస్తుంది. ఎవరు ఎక్కడ పాఠం చెప్పినా ఒకటే అన్న భావన పాలకులలో నాటుకొనిపోయింది. నష్టం వెంటనే బయటపడదు. పదేళ్ల తరువాత బయటపడుతుంది.

అది ఎలాగో కొంచెం వివరించాలి. యు.జి.సి. నిబంధనల ప్రకారం ఆచార్యుడు ఒకేసారి ఎనిమిది మంది, సహ ఆచార్యుడు ఆరుగురు, సహాయ ఆచార్యుడు నలుగురు పరిశోధక విద్యార్థులకు మాత్రమే పర్యవేక్షకులుగా ఉండవచ్చు. 2022 నాటి పిహెచ్.డి. నిబంధనలు పర్యవేక్షణను శాశ్వత అధ్యాపకులకే పరిమితం చేశాయి. పదవీ విరమణకు మూడేళ్ల లోపు వ్యవధి ఉన్నవారు కొత్త విద్యార్థులను చేర్చుకోరాదని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. ఒక తెలుగు శాఖలో ఒక ఆచార్యుడు, ఇద్దరు సహ ఆచార్యులు, ఇద్దరు సహాయ ఆచార్యులు ఉన్నారనుకుందాం. ఆ శాఖలో 28 మంది పరిశోధన చేయవచ్చు. ఆచార్యుడు, ఒక సహ ఆచార్యుడు విరమించి, వారి స్థానాలలో అతిథి అధ్యాపకులు వస్తే ఎం.ఏ. తరగతులు ఆగవు. పరీక్షలు సకాలంలోనే జరుగుతాయి. పరిశోధక స్థానాలు మాత్రం 14కు, అంటే సగానికి పడిపోతాయి. పైగా విరమించిన ఆచార్యుడు శాసనాలు చదవగలిగినవాడో, తాళపత్ర ప్రతులను పరిష్కరించగలిగినవాడో అయితే ఆ విద్య కూడా ఆయనతోనే ఇంటికి వెళుతుంది. శాసన పరిశోధన కోసం గంటకు ఇంత అని అతిథి అధ్యాపకుని నియమించిన విశ్వవిద్యాలయం ఎక్కడా ఉండకపోవచ్చు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా దక్కినందుకు సంబరపడ్డాము. ఆ ప్రాచీనతకు ఆధారాలైన శాసనాలను చదవడం రేపటి తరానికి నేర్పేవారెవరన్న ప్రశ్నకు హోదాలో సమాధానం లేదు.

నియామకాలు ఎందుకు జరగవంటే నిధులు లేవనే సమాధానం తరచుగా వినవస్తుంది. అది కొంతవరకు నిజమే. కానీ నిధులున్న కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో సైతం 2017 నుంచి రెండేళ్ల పాటు నియామకాలు స్తంభించిపోయిన ఉదంతాన్ని గుర్తు చేసుకోవాలి. రిజర్వేషన్ల రోస్టరుకు విశ్వవిద్యాలయం మొత్తాన్ని ఒక యూనిట్‌గా కాక ఒక్కొక్క శాఖను ఒక యూనిట్‌గా తీసుకోవాలని అలహాబాద్ హైకోర్టు 2017లో తీర్పు చెప్పింది. యు.జి.సి. 2018 మార్చిలో ఆ మేరకు ఉత్తర్వులిచ్చింది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో హైకోర్టు తీర్పునే సమర్థించింది. వినడానికి ఇది సాంకేతిక విషయంగా తోస్తుంది. కానీ చిన్న శాఖలకు వర్తించే 13 పాయింట్ల రోస్టరులో నాలుగు, ఎనిమిది, పన్నెండు స్థానాలు ఒ.బి.సి.లకు, ఏడవది ఎస్.సి.లకు, పద్నాలుగవది ఎస్.టి.లకు చెందుతాయి. తత్వశాస్త్రం శాఖలో ఉండేది అయిదు పదవులైతే ఎస్.సి. అభ్యర్థి వంతు వచ్చేదెన్నడు? పద్నాలుగు పదవులున్న మానవీయ శాస్త్రాల శాఖలు దేశంలో ఎన్ని ఉంటాయి? దేశవ్యాప్తంగా ఆందోళనలు చెలరేగిన తరువాత కేంద్రం 2019 మార్చిలో ఆర్డినెన్సు తెచ్చి, జూలైలో చట్టం చేసి విశ్వవిద్యాలయాన్నే మళ్ళీ యూనిట్‌గా పునరుద్ధరించింది. చట్టం మంచిదే. అయినా రిజర్వుడు పదవులకు ఇంటర్వ్యూలు జరిపి, చివరకు ‘నాట్ ఫౌండ్ సూటబుల్’, అంటే తగినవారు దొరకలేదు, అని రాసి ముగించే ఆచారం పోలేదు. నెట్ ఉత్తీర్ణులై, పిహెచ్.డి. పూర్తి చేసి, బహుశా అదే శాఖలో గంటల లెక్కన పాఠాలు చెబుతున్న అభ్యర్థి శాశ్వత పదవి దగ్గరకు వచ్చేసరికి మాత్రమే తగనివాడు ఎలా అవుతాడో ఎంపిక సంఘాలు వివరించవు.

తెలుగు రాష్ట్రాల సంగతి చెప్పనక్కరలేదు. తెలంగాణ ఏర్పడిన 2014 తరువాత దశాబ్దం పాటు అక్కడి విశ్వవిద్యాలయాలలో చెప్పుకోదగిన శాశ్వత నియామకాలు జరగలేదు. ఉమ్మడి నియామక మండలి కోసం 2022లో శాసనసభ ఆమోదించిన బిల్లు గవర్నరు వద్ద ఆగిపోయింది. 2025 జనవరిలో అధ్యాపకుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచారు. ఉన్నవారు వెళ్ళిపోతే శాఖలు మూతపడతాయన్న భయమే అందుకు కారణం. అదే ఏడాది ఏప్రిల్‌లో నియామక మార్గదర్శకాలతో 21వ నంబరు జి.ఓ. వెలువడగానే కాంట్రాక్టు అధ్యాపకులు ఆందోళనకు దిగారు. నియామకాలు కోరవలసినవారే నియామకాలను అడ్డుకుంటున్నారేమిటని కొందరు విస్తుపోయారు. విస్తుపోవలసినదేమీ లేదు. ప్రభుత్వం ఖాళీగా లెక్కించిన కుర్చీలలో ఏళ్ల తరబడి కూర్చున్నది వారే. కొత్త నోటిఫికేషన్ దృష్టిలో వారు అక్కడ లేనే లేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 చివర 3,220 పదవులకు నోటిఫికేషన్లు ఆర్భాటంగా వెలువడి, కోర్టు వివాదాలలో చిక్కుకున్నాయి.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఈ నాటకం ఇంకా పెద్ద ఎత్తున సాగింది. అక్కడి కళాశాలలలో నాలుగు నెలల గడువుతో అడ్‌హాక్ నియామకం, గడువు తీరగానే ఒక రోజు విరామం, మళ్ళీ నాలుగు నెలలు అనే పద్ధతి దశాబ్దాల పాటు కొనసాగింది. కొత్త ఖాళీలలో అతిథి అధ్యాపకులనే తీసుకోవాలన్న ఆదేశంపై 2019 డిసెంబరులో అధ్యాపకులు పెద్దయెత్తున ఉద్యమించారు. 2022 నుంచి శాశ్వత నియామకాల ఇంటర్వ్యూలు ఊపందుకున్నప్పుడు కొందరు స్థిరపడ్డారు. పదేళ్లు, పదిహేనేళ్లు అదే గదిలో పాఠం చెప్పిన మరికొందరు నిమిషాలలో ముగిసిన ఇంటర్వ్యూ తరువాత ఇంటిముఖం పట్టారు.

న్యాయస్థానాల మాటేమిటి? తాత్కాలికంగా నియమితులైనవారికి క్రమబద్ధీకరణ హక్కుగా సంక్రమించదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2006లో ఉమాదేవి కేసులో తేల్చి చెప్పింది. దొడ్డిదారి నియామకాలకు అడ్డుకట్ట వేయడం ఆ తీర్పు ఉద్దేశం. ఆచరణలో మాత్రం ప్రభుత్వాలకు అది కవచంగా మారింది. తాత్కాలికంగా నియమించుకోవచ్చు, ఎంతకాలమైనా వాడుకోవచ్చు, అడిగితే ఉమాదేవి తీర్పు చూపవచ్చు. అయితే 2025 ఆగస్టులో గుజరాత్‌కు చెందిన కాంట్రాక్టు సహాయ ఆచార్యుల కేసులో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జాయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం భిన్నమైన కోణాన్ని ముందుకు తెచ్చింది. నెలకు దాదాపు 30 వేల రూపాయలతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్న ఆ అధ్యాపకులకు సహాయ ఆచార్యుల స్కేలులోని కనీస వేతనం చెల్లించాలని ఆదేశించింది. సభలలో గురుబ్రహ్మ శ్లోకం చదివి ఊరుకుంటే చాలదని, వేతనంలోనూ ఆ గౌరవం కనిపించాలని హితవు చెప్పింది. ఆ అధ్యాపకులు సాంకేతిక కళాశాలల వారు కావడం గమనార్హం. ఇంజనీరింగ్ బోధించే వారి పరిస్థితే అదైతే తత్వశాస్త్రం బోధించేవారి మాట ఎవరు వింటారు?

ఇంతలో యు.జి.సి. ఏమి చేస్తున్నది? 2018 నిబంధనలు కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక పదవులలో పది శాతానికి మించరాదని స్పష్టంగా చెప్పాయి. అనేక విశ్వవిద్యాలయాలు ఆ గీతను ఎప్పుడో దాటేశాయి. గీత దాటినవారిని ప్రశ్నించడానికి బదులు 2025 జనవరిలో విడుదలైన ముసాయిదాలో ఆ పది శాతం పరిమితినే తొలగించారు. ఉపకులపతుల నియామకంలో గవర్నర్ల పాత్రపై ఆ ముసాయిదా రేపిన దుమారంలో ఈ చిన్న మార్పు పెద్దగా చర్చకు రాలేదు. పత్రికల వారమైన మేము కూడా దానిని వార్త చివరి పేరాలో పెట్టి, చోటు చాలక కత్తిరించాము.

పత్రికల ప్రసక్తి వచ్చింది కనుక జర్నలిజం శాఖల గురించి రెండు మాటలు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954లోనే ప్రారంభమైంది. దేశంలోని తొలి శాఖలలో అదొకటి. ఆ తరువాత అనేక విశ్వవిద్యాలయాలు, కళాశాలలు ఈ కోర్సులు తెరిచాయి. విద్యార్థుల ఫీజులతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ పద్ధతిలో తెరిచిన చోట్ల శాశ్వత పదవుల ఊసే లేదు. అక్కడ బోధించేవారిలో కొందరు పత్రికలలో, చానళ్లలో ఉద్యోగం పోగొట్టుకున్నవారు. మరికొందరు రాత్రి డ్యూటీ ముగించుకొని పొద్దున్నే పాఠం చెప్పేవారు. పాతికేళ్ల అనుభవమున్న పాత్రికేయునికి నెట్ లేకపోతే సహాయ ఆచార్య పదవికి అర్హత లేదు. నెట్ ఉన్న యువకునికి పత్రికా కార్యాలయం గడప తొక్కిన అనుభవం లేకపోయినా అర్హత ఉంటుంది. ఈ అంతరాన్ని పూడ్చడానికంటూ 2022లో యు.జి.సి. ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పథకం తెచ్చింది. కనీసం 15 ఏళ్ల అనుభవం ఉండాలి. మొత్తం పదవులలో పది శాతం మించరాదు. గడువు మూడేళ్లు, అరుదైన సందర్భాలలో మరో ఏడాది. అంటే ఇది కూడా గడువు తీరగానే వెళ్ళిపోయే అతిథే. పేరు మాత్రం ఘనమైనది. కొన్ని తెలుగు పత్రికలు తమ అవసరాల కోసం సొంత జర్నలిజం పాఠశాలలు ఏర్పరచుకోవడం వెనుక విశ్వవిద్యాలయ శాఖల ఈ బలహీనత కూడా కొంత ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

విద్వత్ ప్రచురణల రంగం ఈ వ్యవస్థకే మరో ముఖం. 2010 నిబంధనలతో యు.జి.సి. అధ్యాపకుల నియామకానికి, పదోన్నతికి పాయింట్ల లెక్క ప్రవేశపెట్టింది. ప్రచురించిన వ్యాసానికి ఇన్ని పాయింట్లు అనగానే వ్యాసాలను డబ్బు తీసుకొని అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య అనేది పత్రికను గుర్తించే నంబరు మాత్రమే. నాణ్యతకు హామీ కాదు. అయినా ఆ నంబరే విద్వత్తుకు ముద్ర అయి కూర్చుంది. యు.జి.సి. ఆమోదిత జాబితా ప్రకటించింది. 2018 మేలో అందులోంచి 4,305 పత్రికలను తొలగించింది. తరువాత ‘కేర్’ జాబితా తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో దానినీ రద్దు చేసి, ఏది మంచి పత్రికో విద్యాసంస్థలే తేల్చుకోవాలన్నది. పదిహేనేళ్లలో ఇన్నిసార్లు కొలబద్ద మారితే ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువ పరిశోధకుడు ఏ కొలతకు తగినట్లు రాయాలి? మొన్న పాయింట్లు తెచ్చిన వ్యాసమే నేడు అతనికి మచ్చగా మారవచ్చు.

తెలుగులో రాసేవారి గతి మరీ విచిత్రం. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో స్థాపించిన ‘భారతి’ మాసపత్రిక 1991 వరకు నడిచింది. శాసనాలపై, ఛందస్సుపై, భాషా చరిత్రపై తెలుగులో వెలువడిన విలువైన చర్చలకు అది వేదిక. అది ఆగిపోయిన తరువాత ఆ స్థాయిలో, అంతకాలం నిలిచిన పత్రిక తెలుగులో రాలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాలతో గొప్ప సేవ చేసింది. కానీ రాష్ట్ర విభజన తరువాత పంపకాల వివాదంలో పడి ఆ సంస్థ కూడా మునుపటి పటిమను నిలుపుకోలేకపోయింది. పరిష్కర్తలు, పారిభాషిక పదాల నిపుణులు, శాస్త్ర గ్రంథాల అనువాదకులు అనే ఉద్యోగాలు తెలుగులో దాదాపు లేవు. ఉన్న పని పుటకు ఇంత అనే లెక్కన జరుగుతుంది. మరోవైపు విదేశీ విశ్వవిద్యాలయ ముద్రణాలయాల గ్రంథాలకు అచ్చుకూర్పు, ప్రతి సరిచూడడం వంటి పనులు చెన్నై, పుదుచ్చేరి, ఢిల్లీ పరిసరాలలోని సంస్థలలో పెద్ద పరిశ్రమగా సాగుతున్నాయి. ఇంగ్లీషు ఎం.ఏ. చదివిన మన యువతకు ఇతరుల పాండిత్యంలోని కామాలు దిద్దే పని దొరుకుతోంది కానీ సొంత పాండిత్యం రాసుకొనే కొలువు దొరకడం లేదు.

విదేశీ పరిశోధన పత్రికలను దేశంలోని ప్రభుత్వ విద్యాసంస్థలన్నింటికీ అందుబాటులోకి తెచ్చే ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో మూడేళ్లకు 6 వేల కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13 వేల పత్రికలు దీని కిందికి వస్తాయి. జిల్లా కేంద్రంలోని డిగ్రీ కళాశాల విద్యార్థికి ఇది మేలు చేస్తుంది, కాదనలేము. అయితే కొని తెచ్చిన ఆ పత్రికలను చదివి, విద్యార్థికి చదవడం నేర్పవలసిన అధ్యాపకుడు గంటల లెక్కన వచ్చిపోయేవాడైతే ఆ చందా ఎవరికోసం?

పనిచేస్తున్న వారందరినీ ఒక్క కలంపోటుతో క్రమబద్ధీకరించాలని ఈ వ్యాసకర్త వాదించడం లేదు. అలా చేస్తే నిన్ననే నెట్ ఉత్తీర్ణులైన వారికి తలుపులు మూసుకుపోతాయి. అతిథి అధ్యాపకుల ఎంపికలో రిజర్వేషన్లు సరిగా పాటించని చోట్ల ఆ అన్యాయం శాశ్వతమవుతుంది కూడా. కానీ అయిదేళ్ల బోధనకు ఎంపికలో నిర్దిష్టమైన వెయిటేజీ ఇవ్వడం, పదవి ఖాళీ కానున్న సంగతి విరమణ తేదీని బట్టి ముందే తెలుస్తుంది కనుక ఏటా నిర్ణీత మాసంలో నోటిఫికేషన్ జారీ చేయడం అసాధ్యమేమీ కాదు. శ్రీలంకలో విశ్వవిద్యాలయ అధ్యాపకులు 2012లో మూడు నెలలకు పైగా సమ్మె చేసినప్పుడు జీతాలతో పాటు విద్యకు జాతీయోత్పత్తిలో ఆరు శాతం వెచ్చించాలన్న డిమాండును కూడా ముందుంచారు. అదే ఆరు శాతాన్ని మన కొఠారి కమిషన్ 1966లోనే సిఫార్సు చేసింది. మన అధ్యాపక సంఘాలకు ఆ అంకె గుర్తున్నట్లు కనిపించదు. శాశ్వత అధ్యాపకుల సంఘాలు డి.ఏ. బకాయిల కోసం ధర్నా చేస్తాయి. తమ పక్క గదిలోని అతిథి అధ్యాపకుని గౌరవ వేతనం కోసం చేయవు.

అంతవరకు పార్లమెంటు సభ్యులైనా ప్రశ్నను మార్చి అడగవచ్చు. మంత్రి సమాధానంతో జతచేసే పట్టికలో ఇప్పుడు మూడు గడులు ఉంటాయి: మంజూరైనవి, భర్తీ అయినవి, ఖాళీగా ఉన్నవి. ఆ మూడవ గడిలోని పదవులలో ఈ రోజు పాఠం చెబుతున్నవారు ఎందరు, ఎన్నేళ్లుగా చెబుతున్నారు, నెలకు వారి చేతికి అందుతున్నదెంత అనే వివరాలతో నాలుగవ గడి కావాలి. ప్రతి విశ్వవిద్యాలయం వద్ద ఆ లెక్క ఉంది. గౌరవ వేతనం బిల్లులు నెలనెలా పాసవుతున్నాయి కదా.